తలగడ బరువు

దేవరకొండ,
12 మార్చి 2023.

అక్కకు తమ్ముడు విజేందర్ నమస్కారాలు.

ఇక్కడ నలుగురం బాగున్నాం. ఎండలు ముదిరాయి, బోర్లు అడుగంటాయి, కాలిన మోటార్లన్నీ నా కొట్టు ముందు వరుస కట్టాయి. ఊరికి కష్టకాలమైనది నాకు పని కాలం కావడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పవలసిన సంగతిని ఇట్లా ఉత్తరంగా రాస్తున్నందుకు దావీదు బావ నవ్వుతాడని తెలుసు. ఏం చేయను? ఫోన్ చెవికి ఆనించగానే నాకు దగ్గు తప్ప మరేమీ రాదు. కాగితం దొరికితే ఆగదు. మోటార్లకు రాగితీగ చుట్టీ చుట్టీ మాటలు కూడా చుట్టడం అలవాటైందని కోమల అంటుంది. భార్య ఇచ్చిన తీర్పు మీద అప్పీలు లేదు.

విషయానికి వస్తాను. మీరు పుణెలో సొంత ఇంటిలో చేరిన తర్వాత పుట్టింటి వైపు నుంచి ఎవరమూ గడప తొక్కలేదు. మే నెలలో ప్రవళికకు డిగ్రీ పరీక్షలు ముగుస్తాయి. ముగిసిన వెంటనే అమ్మ, నేను, కోమల, ప్రవళిక బయలుదేరి వచ్చి వారం రోజులు మీ దగ్గర ఉంటాం. కొత్త నగరానికి పోయి ఇంట్లో కూర్చొని తిని రావడం అవివేకమని నా అభిప్రాయం. కనుక శాఖా గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేసి ఒక ప్రణాళిక తయారు చేశాను. శనివార్ వాడా, సింహగడ్ కోట, పాత వస్తువుల ప్రదర్శనశాల, రెండు గుళ్లు, ఒక చర్చి (బావ గౌరవార్థం), మరాఠీ భోజనం, మరాఠీ నాటకం. నాటకం అర్థం కావడానికి ఇప్పటినుంచే మరాఠీ నేర్చుకుంటున్నాను. మోటార్ల చప్పుడులో అభ్యాసం చేస్తున్నందున నా ఉచ్చారణ నాకే వినబడటం లేదు. అది నాకు మంచిదే.

ఇక ఒక సున్నితమైన అంశం. ఆడబిడ్డ సొంత ఇంటికి పుట్టింటివారు పోయినప్పుడు ఒడిబియ్యం పోయడం మన ఆచారం. అమ్మ బియ్యానికి పసుపు కలపాలి. కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ పెట్టి నేనూ కోమలా నీ కొంగులో పోయాలి. చివరిసారి పోసింది తెలంగాణ వచ్చిన ఏడు. ఆ తర్వాతే నువ్వు బాప్తిస్మం తీసుకొని ఎల్లమ్మవు ఎస్తేరువయ్యావు. పసుపు, కుడుకలు పట్టుకొని వచ్చి బావ ఎదుట, మీ సంఘంవారి ఎదుట నిన్ను ఇరుకున పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుచేత మొదట ప్రణాళికలో రాసుకున్న ఆ అంశాన్ని బాగా ఆలోచించి, స్కేలు పెట్టి కొట్టివేశాను. నీ విశ్వాసాన్ని గౌరవించడం తమ్ముడిగా నా ధర్మం. అమ్మకూ ఇదే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, కాబట్టి ఒప్పుకున్నట్టే.

నీ అభిప్రాయం తిరుగు టపాలో తెలుపగలవు.

ఇట్లు,
నీ రాక కోసం కాక తన రాక కోసం ఎదురుచూడమని కోరే తమ్ముడు,
విజేందర్.


హడప్సర్, పుణె,
3 ఏప్రిల్ 2023.

తమ్మీ, అక్క ఎస్తేరు రాస్తున్న.

నీ ఉత్తరం శనివారం అందింది. నిన్న మట్టల ఆదివారం, చర్చి నుంచి వచ్చినంక సగం చదివిన, మిగిలిన సగం ఇయ్యాల చదివిన. నేను రాత్రి బడిల నేర్చుకున్న చదువుకు నీ మాటలు బరువైతున్నయ్ రా. బావకు వినిపిస్తె, "మీ తమ్ముడు చుట్టపుచూపుకు వస్తుండా, సర్వే చేయనీకె వస్తుండా?" అన్నడు. నాటకానికి మాత్రం తను రాడట. ఇరవై ఏండ్ల సంది ఈడ మేస్త్రీ పని చేస్తున్నా తనకే అర్థం కాదట.

మీరు వస్తున్నరంటె పానం లేచొచ్చింది. ముందరి అర్రకు సున్నం వేయించిన. అమ్మకు కిటికి కాడ మంచం. వంటకు ఫికర్ లేదు, రోజు నలభై మంది పాలమూరు కూలోళ్లకు రొట్టెలు చేసే చేతులు, మీ నలుగురికి చేయలేనా.

ఒడిబియ్యం సంగతి రాసినవు. కొట్టేసిన అన్నవు. సరే. చదివినోనివి, ఆలోచించే కొట్టేసి ఉంటవు. నీ ఇష్టం.

మా ఎదురింట్ల సుమన్‌తాయి అని మరాఠామె ఉంటది. మీ పుట్టింటోళ్లు ఏం తెస్తున్నరు అనడిగింది. నేనేం చెప్పలే. నవ్విన.

ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. వచ్చేటప్పుడు మన దిక్కు బియ్యం కొన్ని తెస్తవా? ఈడి బియ్యం నోటికి పడ్తలేవు. ఎక్కువొద్దు. అమ్మ చేత్తో చెరిగినయి అయితె మంచిగుంటయి. బరువైతదంటె వద్దులే.

నీ అక్క,
ఎస్తేరు.


దేవరకొండ,
16 ఏప్రిల్ 2023.

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఒడిబియ్యం విషయంలో నువ్వు "సరే" అన్నందుకు నా గుండె బరువు దిగింది. ఎంత నాజూకైన విషయాన్ని ఎంత సులువుగా తేల్చుకున్నామో చూశావా? మనుషులు ముందుగా ఒక ముక్క రాసుకుంటే లోకంలో అపార్థాలే ఉండవని కోమలతో అన్నాను. ఆమె లేచి పప్పు రుబ్బుకోవడానికి పోయింది.

ఇక బియ్యం. ఈ అంశాన్ని నేను తేలికగా తీసుకోలేదని మనవి. విచారించగా తేలిందేమంటే, పుణె ప్రాంతంలోనే వండుతుంటే వీధి చివరిదాకా వాసన వచ్చే మేలురకం బియ్యం పండుతాయి. అటువంటి ఊరికి దేవరకొండ నుంచి బియ్యం మోసుకుపోవడం తాతకు దగ్గు నేర్పడమే అవుతుంది. పైగా బస్సు, రైలు, ఆటో మారాలి. కొట్టులో మోటార్లు తూచే కాటాకు మా సంచులన్నీ తగిలించి ఒక్కొక్కదానికీ బరువు నిర్ణయించాను. అందులో బియ్యానికి చోటు లేదు. అన్నం నోటికి పడకపోవడం బియ్యం దోషం కాకపోవచ్చు. వయసు యాభైకి చేరువలో జీర్ణశక్తి తగ్గుతుందని చదివాను. ఉదయాన్నే జీలకర్ర నీళ్లు తాగి చూడు.

నా నిబంధనలకు ఒక్క అమ్మ మాత్రమే లోబడలేదు. తన తలగడ తెచ్చుకుంటుందట. రైలులో ఇస్తారు, అక్కయ్య ఇంట్లో ఉంటుంది అని నచ్చజెప్పాను. "నా తలకాయ నా ఇష్టం" అన్నది. దాన్ని కాటాకు తగిలించబోతే చేతి మీద ఒకటి వేసింది. నలభై ఐదేళ్ల వాణ్ణి, నలుగురిలో పెద్దమనిషి అనిపించుకుంటున్నవాణ్ణి, ఇద్దరు గిరాకీల ముందు తన్నులు తిన్నాను. తలగడకు మినహాయింపు ఇచ్చాను.

మరాఠీ చక్కగా సాగుతున్నది. ఇప్పటికి "ఈ కోట ఎవరు కట్టించారు?", "నాకు కారం తక్కువ వేయండి" అనే వాక్యాలు స్వాధీనమయ్యాయి. ఈ రెండింటితో వారం గడపవచ్చునని ధైర్యంగా ఉంది.

నీ తమ్ముడు,
విజేందర్.

తా.క.: జీలకర్ర నీళ్లు పరగడుపున.


హడప్సర్,
5 మే 2023.

తమ్మీ,

జీలకర్ర నీళ్లు తాగుతున్న. బియ్యం వద్దులే, అడిగినందుకే సిగ్గయితుంది. టేసన్‌కు బావ వస్తడు. అమ్మను జర మంచిగ తోల్కరా. మెట్ల కాడ చెయ్యి పట్టుకో, నీ కాయితం పట్టుకోకు.

ముందరి అర్రల కొత్త పీట చేయించి పెట్టిన. తూర్పు దిక్కుకు.

రండి.

ఎస్తేరు.


దేవరకొండ,
4 జూన్ 2023.

అక్కకు, బావకు నమస్కారాలు.

క్షేమంగా చేరాం. అమ్మ కొంచెం మౌనంగా ఉంది. ప్రయాణపు బడలిక అనుకుంటున్నాను. మీ ఆతిథ్యానికి కృతజ్ఞతలు చెప్పడానికి, నా ప్రణాళిక ఎట్లా మట్టి కరిచిందో నా నోటితోనే ఒప్పుకోవడానికి ఈ ఉత్తరం. బావ ఎట్లాగూ ఇరవై మందికి చెప్పి ఉంటాడు. నా వైపు కథనం కూడా ఒకటి ఉండాలి.

మొదటి దెబ్బ స్టేషన్ బయటే తగిలింది. బావ రావడం ఆలస్యమైందని నేనే ఒక ఆటో అతని ముందు నిలబడి, గొంతు సవరించుకొని, నేర్చుకున్న మరాఠీలో హడప్సర్ చేర్చవలసిందిగా ప్రార్థించాను. అతను నన్ను కింది నుంచి మీదికి చూసి, "ఎక్కన్నా, మాది నారాయణపేట" అన్నాడు. ఆ వారంలో నా మరాఠీ విని మరాఠీలో జవాబిచ్చిన మనిషి ఒక్కడూ లేడు. మీ పేటలో చాయ్ అమ్మే అతను హిందీలో, కూరగాయలామె సైగలతో జవాబిచ్చారు. నాటకం మొదటి అంకంలో, అది నవ్వుల నాటకమనుకొని నవ్వాను. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు. తండ్రి చనిపోయిన ఘట్టమట.

సింహగడ్ సంగతి చెప్పకుండా ఉంటే బాగుంటుంది, కాని చెబుతాను. కోట చరిత్ర నేను నిలబడి వివరిస్తుంటే ప్రవళిక, "నాయినా, మన దేవరకొండ ఖిల్లా మీదికి నువ్వు ఎన్నిసార్లు ఎక్కినవ్?" అనడిగింది. పుట్టినప్పటి నుంచి ఆ ఖిల్లా నీడలో బతుకుతున్నవాణ్ణి. ఒక్కసారీ ఎక్కలేదు. వివరణ అక్కడితో ఆపివేశాను. కొండ మీద మరాఠీ విశిష్ట భోజనం అని ఎంతో ఆత్రంగా కూర్చుంటే వచ్చింది జొన్నరొట్టె, శనగపిండి కూర. అమ్మ రొట్టె విరిచి చూసి, "గీ రొట్టెకు గింత దూరం తెచ్చినవా కొడుకా, మీ అక్క చేసేది దీనికంటె మెత్తగుంటది" అన్నది.

మాతో నువ్వు ఒక్కచోటికీ రాలేదు. ప్రతి అంశంలోనూ నీ పేరు రాసి ఉంచాను. ప్రతి ఉదయం పొయ్యి మీద నూనె ఉందనో, కూలీలకు రొట్టెలు చేయాలనో ఆగిపోయావు. అదొక్కటే నాకు లోటు.

అయితే నీ ఇంట్లో నన్ను కదిలించిన విషయం ఒకటుంది. ముందు గదిలో నువ్వు చేయించి ఉంచిన కొత్త పీట. రోజూ తెల్లవారేసరికి తుడిచి, గది నడుమ తూర్పు ముఖంగా వేసి ఉండేది. కూర్చొని బూట్లు వేసుకోవడానికి అంత సదుపాయం ఏ చుట్టపు ఇంట్లోనూ నేను ఎరుగను. అతిథి అవసరాన్ని అంత ముందుచూపుతో గ్రహించడం నీకే చెల్లింది. దేవరకొండలో నేనూ అటువంటిది చేయిస్తున్నాను.

మరొక ఆసక్తికరమైన అంశం. మేము బయలుదేరేనాడు ఎదురింటి సుమన్‌తాయి కోమలను లోపలికి పిలిచి, బొట్టు పెట్టి, కొంగు పట్టించి, అందులో బియ్యం, కొబ్బరికాయ, రవికె గుడ్డ పోసింది గదా. దాన్ని వాళ్లు ఓటీ అంటారట. మన ఒడిబియ్యానికి ఎంత దగ్గర! కృష్ణకు అటూ భీమకు ఇటూ ఆడబిడ్డ కొంగు ఒక్కటేనని నాకు తోచింది. ప్రణాళికలో ఉన్న అన్ని స్థలాల కంటే, అందులో లేని ఈ చిన్న దృశ్యమే నాకు మరాఠీ సంస్కృతిని ఎక్కువగా తెలియజేసింది. నువ్వు గడపలో నిలబడి కళ్లార్పకుండా చూస్తున్నావు. నీకూ ఆసక్తిగానే ఉన్నట్టు తోచి, దాని గురించి రెండు పేజీలు రాసిపెట్టుకున్నాను. కావాలంటే నకలు పంపుతాను.

అమ్మ తలగడ క్షేమంగా తిరిగి వచ్చింది. మమ్మల్ని తిరుగు రైలు ఎక్కించేటప్పుడు బావ దాన్ని ఎత్తి, "ఇందులో రాళ్లేమన్న పెట్టినవా అత్తమ్మా?" అన్నాడు గుర్తుందా? రైలులో ఎవరినీ ముట్టనివ్వలేదు. వృద్ధాప్యంలో ఇటువంటి పట్టింపులు సహజమట.

మీ ప్రేమకు సదా రుణపడిన,
విజేందర్.


హడప్సర్,
18 జూన్ 2023.

విజేందర్‌కు,

నీ రెండు పేజీల నకలు నాకొద్దు.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపిన. బావ, "రాయకుంటె వానికి ఈ జన్మకు తెల్వదు, రాయి" అన్నడు. అందుకే రాస్తున్న.

పీట నీ బూట్లకు వేయలేదు రా.

ఆడివిల్లను తూర్పు మొకం కూసోబెట్టేది దేనికో నీకు తెల్వదా? గన్ని పుస్తకాలు చదివినవు. పొద్దున లేచి తానం చేసి, పీట తుడిచి వేసి, పొయ్యి కాడ చెవులు ఈడ పెట్టి కూసున్న. "అక్కా, వచ్చి కూసో" అంటవేమోనని. నువ్వొచ్చి బూట్లు తొడుక్కొని కోట చూడనీకె పోయినవు. ఒకనాడు కాదు, వారం. మీతోని ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసిందా? నేను గూడ బయలెల్లితె మీకు ఆ పీట మాట యాదికే రాదని.

బియ్యం తెమ్మని ఎందుకు రాసిన? నాకు బియ్యం లేకనా? నలభై మందికి వండుతున్న. నువ్వు నాకు జీలకర్ర నీళ్లు చెప్పినవు. తాగిన కూడ.

నువ్వు కొట్టేసిన అని రాస్తె నేను వద్దు అనలే, కావాలె అని కూడ అనలే. ఎట్లంట? అడిగి పోయించుకుంటె అది ఒడిబియ్యమైతదా, అడుక్కునుడైతది. పుట్టింటోళ్లే తలుచుకోవాలె. బాప్తిస్మం తీసుకుంటె నా పేరు మారింది తమ్మీ, పుట్టిల్లు మారుతదా? మా పాస్టరమ్మకు పోయిన ఏడు వాళ్లన్న వచ్చి పోసిండు. ప్రార్థన చేసుకొని పోయించుకున్నది. నువ్వు ఒక్క ఫోన్ చేసి దగ్గితే కూడ సమజ్ అయితుండె. అడగలే. నా తరఫున నువ్వే అనుకొని, నువ్వే గౌరవించి, నువ్వే కొట్టేసినవు.

సుమన్‌తాయి నీ పెండ్లాం కొంగు నింపుతుంటె నేను గడపల నిలవడ్డ. ఆసక్తి కాదు రా అది. పరాయామె మా మరదలి ఒడి నింపుతుంది, నాది సొంతోళ్లు ఇంట్ల ఉండంగ ఉత్తగున్నది. మీరు పోయినంక ఆమె, మీ దాంట్ల ఇది లేదా అనడిగింది. లేదని చెప్పిన. దేవుడు మన్నించాలె, అబద్ధమాడిన.

అమ్మ కూడ ఒక్క మాట అనలే. పోయేటప్పుడు నా గదువ పట్టుకొని ఏడ్చింది గని, ఒక్క మాట అనలే. అదే ఎక్కువ కలుక్కుమంటుంది.

ఎస్తేరు.


దేవరకొండ,
2 జూలై 2023.

అక్కా,

ఈసారి మొదట్లో ఏం రాయాలో తోచలేదు. నాకు తోచకపోవడం కోమల పెళ్లయినప్పటి నుంచి చూడలేదట.

నీ ఉత్తరం కొట్టులో నిలబడే చదివాను. తర్వాత ఇంటికి వచ్చి అమ్మకు బిగ్గరగా చదివి వినిపించాను. జీలకర్ర దగ్గర కాగితం కింద పెట్టేశాను. మిగిలింది ప్రవళిక చదివింది. అమ్మ అంతా విని లేచి లోపలికి పోయి తన తలగడ తెచ్చి నా ముందు పడేసింది. చప్పుడు తలగడ చప్పుడు కాదు. కుట్టు విప్పితే లోపల పాత చీర మడత. మడతలో పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, ఆకుపచ్చ రవికె గుడ్డ.

అక్కా, ఆ బియ్యం పుణె వచ్చాయి. వారం నీ ఇంట్లో ఉన్నాయి. అమ్మ వాటి మీద తల పెట్టుకొని పడుకున్నది. తిరిగి దేవరకొండ వచ్చాయి.

ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు కాయితం మీద కొట్టేసినవు. నేను చాటల కలిపిన. ఎవల పని వాళ్లం చేసినం" అన్నది.

అక్కడికి పోయాక తీయవచ్చు గదా అన్నాను.

"పోసేది తమ్ముడు, మరదలు. బొట్టు లేనిదాన్ని, నేను ముంగట వడి ఎట్ల తీస్తరా? అది పీట వేస్తున్నది రోజు చూస్తనే ఉన్న. ఇయ్యాల కాకుంటె రేపన్న నీకు బుద్ధి పుడ్తదనుకున్న. నువ్వు బూట్లు తొడుగుడు చూసి మూతి కట్టుకున్న."

కోమల వైపు తిరిగాను. ఆమెకు మొదటి నుంచీ తెలుసట. మరి నువ్వెందుకు చెప్పలేదు అంటే, "ముందుగా ఒక ముక్క రాసుకుంటె లోకంల అపార్థాలుండయని మీరే అన్నరు గద. నేనేమన్న రాసేదాన్నా?" అన్నది. దీని మీదా అప్పీలు లేదు.

ఇప్పుడు సమస్య ఏమంటే, ఆడబిడ్డ కోసం పసుపు కలిపిన బియ్యాన్ని పుట్టింటివాళ్లు వండుకోకూడదు, పారబోయకూడదు, ఇంట్లో ఉంచుకోనూ కూడదు. అమ్మ నిన్నటిదాకా వాటి ముందు కూర్చొని అన్నం ముట్టలేదు. కాబట్టి ఆలస్యం చేయకుండా నాకు తెలిసిన పద్ధతిలో పని పూర్తి చేశాను. బియ్యాన్ని రెండు పొరల సంచిలో పోసి, మూతి కుట్టి, అట్టపెట్టెలో బిగించి, నాలుగు వైపులా నీ చిరునామా, పైన "తడి తగలరాదు" అని రాసి, ఈ ఉదయమే పార్సిలు సర్వీసులో నీ పేర పంపించాను. రసీదు భద్రంగా ఉంది. వారంలో చేరాలి. చేరిన వెంటనే తెలుపగలవు.

పొద్దున్నే గుడికి పోయిన అమ్మకు ఈ సంగతి సాయంత్రం వచ్చాక చెబుతాను.

ఇంతకంటే ఎట్లా మన్నించమని అడగాలో తెలియని,
విజేందర్.


హడప్సర్,
16 జూలై 2023.

ఒరే తమ్మీ,

పార్సిలు వచ్చింది. పట్టుకొచ్చిన పిలగాడు ఓటీపీ చెప్పుమన్నడు. చెప్పిన. "ఏముందక్కా ఇంత బరువు?" అన్నడు. "మా పుట్టిల్లు" అన్న. వానికేం సమజ్ కాలే.

ముందుగాల గంటసేపు ఏడ్చిన. తలగడ సంగతి చదివి. ఆ తలగడ నేను రోజు పొద్దున ఎత్తి, దులిపి, సర్ది పెట్టిన రా. గింత బరువెందుకే అమ్మా అని కూడ అడిగిన. "నా ఆలోచనలు బిడ్డా" అన్నది. నవ్విన. నా ఒడిబియ్యం నా చేతులతోనే ఎత్తి మల్ల మంచం మీదనే పెట్టిన.

ఏడుపయినంక నవ్వు మొదలైంది. ఒడిబియ్యం పార్సిల్ల వస్తయారా? ఎవరు పోయాలె? ఓటీపీ అడిగిన పిలగాడు పోస్తడా? బావయితె పొయ్యి కాడ పడి పడి నవ్వుతుండు. "మీ తమ్ముని పెండ్లి అయిననాడు తాళి కూడ కొరియర్ల పంపిండా?" అంటడు. నాలుగు దిక్కుల చిరునామా రాసినవు, అయిదో దిక్కు పైన తడి తగలొద్దని రాసినవు. దాని మీదనే తల పెట్టి ఏడ్చిన. తడిసింది.

పెట్టె విప్పలే. పీట మీద పెట్టిన. దాని మీద ఎవల్ని కూసోనిస్తలేను, బూట్లోళ్లను అసలే రానిస్తలేను.

నేను అడగొద్దని చెప్పిన గద. అడుగుతలేను. వచ్చిన సామాను నీది, వచ్చి చూసుకో అంటున్న. అమ్మను, మరదలిని తోల్కరా. కాటా తేకు. కాయితం తేకు. మరాఠీ అసలే తేకు.

ఇంకో మాట అమ్మకు చదివి వినిపించు. అమ్మా, మొదటి దోసిలి నువ్వే పోయాలె. బొట్టు లేదు, ముంగట వడొద్దు అనేది మా దాంట్ల లేదు. ప్రార్థన బావ చేస్తడు, బియ్యం నువ్వు పోస్తవు, ఆనక తమ్ముడు, మరదలు. నీ ఎల్లమ్మను కన్నది నువ్వు, ఎవలు వద్దంటరో చూస్త.

నీ అక్క,
ఎస్తేరు.


దేవరకొండ,
10 సెప్టెంబరు 2023.

అక్కకు, బావకు,

చేరాం. అధిక శ్రావణం దాటేదాకా అమ్మ మమ్మల్ని ఆపింది గాని, లేకుంటే నీ ఉత్తరం అందిననాడే చెప్పులేసుకునేది.

అక్కడ జరిగింది నీకు తెలియనిది కాదు, కాబట్టి దాని గురించి రాయను. నాకు బియ్యం పోయడం రాదని బావ ఊరంతా చెబుతున్నాడట. నిజమే. నా చేతి బియ్యంలో సగం పీట కింద పడ్డాయి. మోటారు తీగ వెంట్రుక మందం తేడా లేకుండా చుట్టేవాణ్ణి, గజం వెడల్పు కొంగులో బియ్యం పోయలేకపోయాను. అమ్మ మాత్రం దోసిలి నిండా తీసుకొని ఒక్క గింజ జారకుండా పోసింది. బావ ప్రార్థన ముగించి "ఆమెన్" అంటే, అమ్మ కూడా "ఆమెన్" అని, దానికి తోడు యాదగిరి నరసింహస్వామికి దండం పెట్టింది. ఆ ఇద్దరు దేవుళ్లలో ఎవరూ వచ్చి అభ్యంతరం చెప్పలేదు. ఆ అభ్యంతరమంతా ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే చెబుతూ వచ్చాను.

నీకు తెలియనివి రెండే ఉన్నాయి. తిరుగు రైలులో అమ్మకు తలగడ లేదు. కోమల ఒడిలో తల పెట్టుకొని షోలాపూర్ రాకముందే నిద్రపోయింది. సికింద్రాబాదులో లేపేదాకా లేవలేదు. మొదటిసారి తిరుగు ప్రయాణంలో రాత్రంతా కళ్లు తెరిచే ఉన్నదని ఇప్పుడు కోమల చెబుతున్నది.

నువ్వు నీ ఒడిలోంచి తీసి పుట్టింటికి తిరిగి ఇచ్చిన ఐదు పిడికిళ్ల బియ్యం మొన్న కోమల వండింది. అన్నం పచ్చగా ఉంది. ప్రవళిక ఒక ముద్ద తిని, "అత్తమ్మ బియ్యం నోటికి పడ్తున్నయా నాయినా, లేకుంటె జీలకర్ర నీళ్లు తాగుతవా?" అన్నది. ఈ ఇంట్లో ఇక జీలకర్ర మాట ఎత్తే హక్కు నాకు లేదు. ఆ సాయంత్రమే అది నన్ను ఖిల్లా ఎక్కించింది. సగం దాకా.

కొట్టుకు వచ్చే కాటమయ్య నిన్న, "రెండోసారి పుణె పోయినవట, ఈసారి ఏమేం చూసినవ్?" అనడిగాడు. మొదటిసారి అడిగినప్పుడు అతణ్ణి గంటసేపు నిలబెట్టి చెప్పాను. ఈసారి, మా అక్క ఇల్లు చూసి వచ్చిన అన్నాను. అంతేనా అన్నాడు. అంతే అన్నాను. దగ్గు కూడా రాలేదు.

ఒడిబియ్యం మళ్లీ మూడో ఏట పోయాలని అమ్మ అన్నది. నువ్వు అడగకూడదు, నేను మరవకూడదు. అలవాటు కొద్దీ పుస్తకం తెరిచి, వచ్చే సంవత్సరాల పనుల కింద రాయబోయి, కలం మూసేశాను. ఈ ఒక్కటి ఎక్కడా రాసుకోలేదు అక్కా. రాసుకున్నదాన్నే గదా, నేను స్కేలు పెట్టి కొట్టివేయగలిగింది.

నీ తమ్ముడు,
విజేందర్.